బండికి 15 ఏళ్లు నిండుతున్నాయా? ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లేముందు ఇవన్నీ సిద్ధం చేసుకోండి.. ఆలస్యమైతే నెలనెలా వడ్డనే!

2010, 2011 ప్రాంతంలో కొన్న బండి చాలా ఇళ్ల ముందు ఇంకా కనిపిస్తుంది. పాల ప్యాకెట్‌కి, కూరగాయలకి, పిల్లల్ని ట్యూషన్‌లో దింపడానికి అదే దిక్కు. ఇంజిన్ బాగానే ఉంది, మైలేజీ కూడా పర్లేదు, ఇంకో ఐదేళ్లు ఢోకా లేదని ఓనర్ ధీమా. బండి సంగతి సరే.. మరి ఆర్సీ సంగతేంటి? లోన్ ఎప్పుడు తీరిందో, సర్వీసింగ్ ఎప్పుడు చేయించారో చాలామందికి గుర్తుంటుంది. ఆర్సీ గడువు ఎప్పుడు ముగుస్తుందో మాత్రం కార్డు తీసి చూసేదాకా తెలియదు. చూసేసరికి ఆ తేదీ దాటిపోయి ఏడాదైన సందర్భాలూ ఉంటాయి.

అప్పుడు మొదలవుతుంది అసలు తిరుగుడు. ఇన్సూరెన్స్ లేదని ఒకసారి, లోన్ ఎంట్రీ తీయించలేదని ఇంకోసారి, బండి చనిపోయిన నాన్న పేరు మీద ఉందని మరోసారి ఆర్టీఏ ఆఫీసు నుంచి వెనక్కి రావాల్సి వస్తుంది. ఈలోగా లేట్ ఫీజు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. అందుకే రెన్యువల్‌కి ముందు ఏమేం సరిచూసుకోవాలి, ఎంత ఖర్చవుతుంది, గడువు దాటాక నడిపితే ఏమవుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ 15 ఏళ్ల లెక్క ఏంటి?

సొంత అవసరాలకు వాడే బైక్, స్కూటర్, కారు, జీపు లాంటివాటిని చట్టం నాన్ ట్రాన్స్‌పోర్ట్ వాహనాలు అంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 41 ప్రకారం వీటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఒకసారి రెన్యువల్ అయితే మరో 5 ఏళ్లు నిశ్చింత. 20 ఏళ్లకు మళ్లీ, 25 ఏళ్లకు మళ్లీ ఇదే పని. బండి బాగుండి, పరీక్షలో పాసైనంత కాలం ఇలా ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ వెళ్లొచ్చు.

కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టేశాం కదా, మళ్లీ ఇదేంటని కొందరు అడుగుతుంటారు. లైఫ్ ట్యాక్స్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ట్యాక్స్ కట్టినంత మాత్రాన ఆర్సీ గడువు పెరగదు.

15 ఏళ్లు దాటితే బండి తుక్కేనా?

ఈ ప్రచారం వాట్సాప్‌లో ఎప్పటి నుంచో తిరుగుతోంది. అందులో నిజం సగమే. 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాల మీద ఆంక్షలు వచ్చింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఉన్న జాతీయ రాజధాని ప్రాంతంలో. అక్కడి కాలుష్యం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు అవి. మన రెండు రాష్ట్రాల్లోని సొంత బండ్లకు వాటితో సంబంధం లేదు.

ఇంకో మినహాయింపు ప్రభుత్వ వాహనాలు. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల పేరు మీదున్న వాహనాలకు 15 ఏళ్లు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు. మామూలు జనం బండ్లకు మాత్రం 15 ఏళ్ల తర్వాత కూడా రెన్యువల్ ఉంది. కాబట్టి ఎవరో భయపెడితే మంచి బండిని అగ్గువకు అమ్మేసుకోవద్దు.

ఎప్పుడు అప్లై చేయాలి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని రూల్ 52 ప్రకారం గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. అంతకన్నా ముందు తీసుకోరు. అప్లికేషన్ పేరు ఫారం 25. ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే ఇదే ఫారం తయారవుతుంది.

ఉదాహరణకి మీ బైక్ 2011 జూన్ 15న రిజిస్టర్ అయిందనుకుందాం. 2026 జూన్ 14తో గడువు తీరుతుంది. అంటే 2026 ఏప్రిల్ 15 నుంచి అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ చూసుకోవాల్సింది బండి కొన్న రోజు కాదు, ఆర్సీలో ఉన్న తేదీ. షోరూం నుంచి టెంపరరీ నంబర్‌తో తెచ్చుకుని పర్మినెంట్ రిజిస్ట్రేషన్ కొన్ని వారాల తర్వాత చేయించుకున్న వాళ్లకు ఈ రెండు తేదీలూ వేరుగా ఉంటాయి.

ఇంటి దగ్గరే సరిచూసుకోవాల్సిన 8 విషయాలు

స్లాట్ బుక్ చేసుకుని ఆఫీసుకు వెళ్లాక ఆగిపోవడానికి ఎక్కువగా ఇవే కారణాలు. అందుకే స్లాట్ కన్నా ముందు వీటి పని చూడండి.

1. ఇన్సూరెన్స్: స్లాట్ రోజుకు పాలసీ అమల్లో ఉండాలి. పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, థర్డ్ పార్టీ పాలసీ ఉంటే చాలు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బైక్‌కి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.714, 1000 సీసీ దాటి 1500 సీసీ వరకు ఉన్న కారుకు రూ.3,416. పన్ను అదనం. పాలసీలో ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఒక్క అంకె తేడా లేకుండా ఆర్సీతో సరిపోవాలి.

2. పొల్యూషన్ సర్టిఫికెట్: ఇది 6 నెలలా, ఏడాదా అని చాలామందికి అనుమానం. బీఎస్ 4, ఆ తర్వాతి వాహనాలకు ఏడాది, అంతకుముందు వాటికి 6 నెలలు. ఇప్పుడు 15 ఏళ్లు నిండుతున్న బైక్‌లు బీఎస్ 4 రాకముందువి కాబట్టి వాటికి 6 నెలలే. కార్ల సంగతి కాస్త వేరు. 2010 ఏప్రిల్‌లోనే దేశంలో 13 నగరాల్లో కార్లకు బీఎస్ 4 వచ్చింది, అందులో హైదరాబాద్ ఒకటి. అప్పట్లో హైదరాబాద్‌లో కొన్న కారు బీఎస్ 4 అయి ఉండొచ్చు. ఒకసారి ఆర్సీ చూసుకోండి.

3. గ్రీన్ ట్యాక్స్: 15 ఏళ్లు దాటిన వాహనాలకు రెండు రాష్ట్రాల్లోనూ గ్రీన్ ట్యాక్స్ ఉంది. బైక్‌కి ఒక రేటు, కారుకు ఒక రేటు. బండి వయసును బట్టి కూడా మారుతుంది. మీ నంబర్ కొడితే ఎంత కట్టాలో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తుంది. కట్టాక రసీదు దాచుకోండి.

4. పెండింగ్ చలాన్లు: హెల్మెట్ లేదని ఒకటి, రాంగ్ పార్కింగ్ అని ఇంకొకటి.. ఎప్పుడో ఫొటో తీసిన చలాన్లు అలాగే ఉండిపోతాయి. ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి అన్నీ క్లియర్ చేసుకుని వెళ్లడమే మంచిది. అది మీ బండే కాకపోతే, అంటే ఫొటోలో వేరే బండి కనిపిస్తే, డబ్బు కట్టేయకుండా ముందు ఫిర్యాదు పెట్టండి.

5. లోన్ ఎంట్రీ: ఈఎంఐలు తీరి పదేళ్లు దాటినా ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉన్న బండ్లు బోలెడు. లోన్ తీరగానే అది దానంతటదే పోదు. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, సంతకంతో ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో తీయించాలి. మీకు లోన్ ఇచ్చిన కంపెనీ వేరే కంపెనీలో కలిసిపోయి ఉంటే ఆ కొత్త కంపెనీ ఆఫీసులో అడగాలి. దీనికి రోజులు పడుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు ఈ పని మొదలుపెట్టండి.

6. ఫోన్ నంబర్: ఓటీపీ వచ్చేది రికార్డులో ఉన్న నంబర్‌కే. 2011లో ఇచ్చిన నంబర్ ఇప్పుడు మీ దగ్గర లేకపోతే అప్లికేషన్ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. ముందు మొబైల్ నంబర్ అప్‌డేట్ చేయించుకోండి.

7. అడ్రస్: ఇల్లు మారితే 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలన్నది సెక్షన్ 49. దీనికి ఫారం 33. ఆధార్‌లో ఒక అడ్రస్, ఆర్సీలో ఇంకో అడ్రస్ ఉంటే ముందే సరిచేయించుకోవడం నయం.

8. ఆర్సీ కనపడకపోతే: పోయిన ఆర్సీకి డూప్లికేట్ తీసుకోవాలి. దానికి ఫారం 26. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ కూడా దగ్గర పెట్టుకోండి. పాత రోజుల పుస్తకం ఆర్సీ ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కొన్ని పాత బండ్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. నంబర్ కొడితే ఏమీ రాకపోతే ఆ పుస్తకం పట్టుకుని నేరుగా ఆఫీసుకే వెళ్లి ఎంట్రీ చేయించాలి.

బండిని కూడా రెడీ చేయండి

కాగితాలు సరిపోతే చాలదు. బండిని మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. బండి లేకుండా కాగితాలు మాత్రమే తీసుకెళ్తే రెన్యువల్ కాదు. బండి తీసుకురావాల్సిన పనే లేదు, అంతా నేను చూసుకుంటానని ఎవరైనా అంటే అక్కడే జాగ్రత్త పడండి.

చూసేవి పెద్ద చిక్కు విషయాలేం కావు. బ్రేకులు పడుతున్నాయా, హెడ్‌లైట్, బ్రేక్ లైట్, ఇండికేటర్లు వెలుగుతున్నాయా, హారన్ మోగుతోందా, టైర్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయా, అద్దాలు ఉన్నాయా, పొగ ఎలా వస్తోంది.. ఇవే. కారైతే సీటు బెల్టులు, వైపర్లు కూడా. స్లాట్‌కి రెండు మూడు రోజుల ముందు మీ మెకానిక్ దగ్గర ఒకసారి చూపించేస్తే సరిపోతుంది.

ఛాసిస్ నంబర్ సంగతి మాత్రం మర్చిపోవద్దు. పదిహేనేళ్ల బండికి ఆ అంకెల మీద తుప్పు, గ్రీజు, మట్టి పేరుకుని ఉంటాయి. ఆ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. అంకెలు చదవడానికి రాకపోతే అనుమానం వస్తుంది, పని ఆగుతుంది. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి. గరుకు కాగితంతో గీకితే అంకెలు దెబ్బతింటాయి, అప్పుడు ఇంకో తలనొప్పి.

నంబర్ ప్లేట్ చక్కగా చదవగలిగేలా ఉండాలి. ప్లేటు మీద దేవుడి బొమ్మలు, వంకర అక్షరాలు ఉంటే మార్చుకుని వెళ్లండి. పాత బండికి హై సెక్యూరిటీ ప్లేట్ అడుగుతున్నారేమో స్లాట్ తీసుకునేటప్పుడే కనుక్కోండి.

రంగు మార్చారా? పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ పెట్టించారా? కారుకు గ్యాస్ కిట్ పెట్టించారా? సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పులు ఆర్సీలో ఎక్కించాలి. ఎర్ర బండి నల్లగా మారి ఉండి, ఆర్సీలో ఇంకా ఎరుపు అనే ఉంటే ఇన్‌స్పెక్టర్ అడుగుతారు. సైలెన్సర్ అయితే కంపెనీది మళ్లీ బిగించుకోవాల్సిందే. గ్యాస్ కిట్ ఉన్న కారుకు సిలిండర్ టెస్ట్ సర్టిఫికెట్ కూడా తీసుకెళ్లండి.

ఫీజు ఎంత?

కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ ఫీజులు బాగా పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాహనాలకు మళ్లీ రెట్టింపు చేసింది. లెక్క ఇలా ఉంది.

15 ఏళ్లు దాటిన బండికి:
- బైక్, స్కూటర్: రూ.1,000
- మూడు చక్రాల వాహనం: రూ.2,500
- కారు, జీపు: రూ.5,000

20 ఏళ్లు దాటిన బండికి:
- బైక్, స్కూటర్: రూ.2,000
- మూడు చక్రాల వాహనం: రూ.5,000
- కారు, జీపు: రూ.10,000

విదేశాల నుంచి దిగుమతి చేసుకున్న వాహనాలకు ఇంతకన్నా చాలా ఎక్కువ. 20 ఏళ్లు దాటిన ఇంపోర్టెడ్ బైక్‌కి రూ.20,000, కారుకు రూ.80,000. మామూలు బండ్లకైనా పై ఫీజుతోనే అయిపోదు. ఆర్సీ స్మార్ట్ కార్డుగా తీసుకుంటే రూ.200 అదనం. గ్రీన్ ట్యాక్స్, రాష్ట్రం వసూలు చేసే సర్వీస్ ఛార్జీలు వేరు.

లేట్ అయితే లెక్క ఇదీ..

గడువు దాటాక ప్రతి నెలకూ బైక్‌కి రూ.300, కారు లాంటి మిగతా సొంత వాహనాలకు రూ.500 చొప్పున అదనపు ఫీజు పడుతుంది. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల కిందే లెక్క.

పైన చెప్పిన బైక్‌నే తీసుకుందాం. 2026 జూన్ 14తో గడువు తీరింది. ఓనర్ మర్చిపోయి 2027 సెప్టెంబర్ 20న వెళ్లారు. 15 నెలలు దాటి 6 రోజులైంది కాబట్టి 16 నెలల లెక్క వేస్తారు. 16 నెలలకు రూ.4,800. అసలు ఫీజు రూ.1,000 కలిపితే రూ.5,800. అదే కారైతే లేట్ ఫీజే రూ.8,000, మొత్తం రూ.13,000. ఇందులో గ్రీన్ ట్యాక్స్ కలపలేదు. సమయానికి వెళ్లి ఉంటే వెయ్యితో పోయేది, దాదాపు ఆరు వేలైంది. పాత బైక్ అమ్మితే వచ్చే డబ్బుతో పోల్చి చూస్తే ఇది చిన్న మొత్తం కాదు.

స్లాట్ రోజు ఏం జరుగుతుంది?

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో బండి నంబర్‌తో అప్లై చేసి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి. సొంతంగా చేసుకోలేని వాళ్లు మీసేవ లాంటి సెంటర్లలో అడగొచ్చు. ఆ రోజు ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, గ్రీన్ ట్యాక్స్ రసీదు, అప్లికేషన్ ప్రింటు పట్టుకుని బండితో వెళ్లాలి. ఓనరే స్వయంగా వెళ్తే సంతకం తేడా గొడవ ఉండదు.

ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు, నంబర్లు సరిపోల్చుతారు, లోపం ఉంటే చెప్తారు. లోపం చెప్పినంత మాత్రాన రెన్యువల్ లేనట్టు కాదు. సరిచేయించుకుని మళ్లీ చూపించాలి. అయితే గడువు దగ్గర పడ్డాక మొదటిసారి వెళ్తే ఈ రెండో తిరుగుడుకి టైం మిగలదు. 60 రోజుల ముందే మొదలుపెట్టమనేది ఇందుకే.

గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే? స్లాట్ కాగితం చేతిలో ఉంది కదా అని రోడ్డెక్కడం తప్పు. స్లాట్ ఆర్సీ కాదు. రెన్యువల్ అయ్యేదాకా ఆ బండిని రోడ్డు మీద నడపకూడదని రూల్ 52 స్పష్టంగా చెబుతోంది. ట్రాలీ ఆటోలోనో, చిన్న గూడ్స్ బండిలోనో ఎక్కించి తీసుకెళ్లడమే సరైన దారి. కిరాయి కొంత అవుతుంది కానీ దారిలో ఏదైనా జరిగితే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోది కాదు.

బండి నాన్న పేరు మీద ఉంటే..

ఎక్కువ కుటుంబాలు ఇరుక్కునేది ఇక్కడే. నాన్న చనిపోయి నాలుగేళ్లు. బండి కొడుకు వాడుతున్నాడు. ఎవరూ కాగితాల జోలికి పోలేదు. ఆర్సీ గడువు వచ్చేసరికి సంతకం పెట్టాల్సిన మనిషి లేడు.

నిబంధన ప్రకారం ఓనర్ చనిపోతే వారసుడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. మూడు నెలల వరకు బండి వాడుకోవచ్చు, ఆ మూడు నెలల్లోపే ఫారం 31తో పేరు మార్పుకి అప్లై చేసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వానికి సంబంధించిన సర్టిఫికెట్ కావాలి. మిగతా కుటుంబ సభ్యులకు అభ్యంతరం లేదని రాసి కూడా ఇవ్వాల్సి వస్తుంది. అమ్మ, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు అందరి సంతకాలు కావాలంటే ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఒకరు దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉంటే ఇంకా ఆలస్యం. ముందు పేరు మార్పు, తర్వాత రెన్యువల్.. ఈ వరుస గుర్తుంచుకోండి. చనిపోయిన వాళ్ల సంతకం మనమే పెట్టేసి పని కానిచ్చేద్దాం అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. అది ఫోర్జరీ, కేసయితే బండితో పోయేది కాదు.

సెకండ్ హ్యాండ్ బండి అయితే?

కొని ఆరేళ్లయినా ఆర్సీ పాత ఓనర్ పేరు మీదే ఉందా? ముందు ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి. అమ్మినవాళ్లు ఫారం 29, ఇద్దరూ కలిసి ఫారం 30 ఇవ్వాలి. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియకపోతే వెతకడమే పెద్ద పని.

అమ్మినవాళ్లకీ ఇందులో ముప్పు ఉంది. ట్రాన్స్‌ఫర్ కాకుండా చేతులు మారిన కారు ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లనే ఓనర్‌గా చూడాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే ఎప్పుడో అమ్మేసిన బండికి ఇప్పుడు పరిహారం కట్టాల్సిన పరిస్థితి రావచ్చు. బండి అమ్మితే తాళంచెవితో పాటు పేరు కూడా మార్చి ఇవ్వండి.

ఏపీ నంబర్ బండి తెలంగాణలో ఉంటే?

ఏపీ 09, ఏపీ 28, ఏపీ 36 లాంటి నంబర్లతో హైదరాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల్లో బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. రాష్ట్ర విభజనకు ముందు ఇక్కడే రిజిస్టర్ అయినవి కాబట్టి వాటి రికార్డు తెలంగాణలోనే ఉంటుంది. ఏపీ అనే అక్షరాలు ఉన్నంత మాత్రాన నంబర్ మార్చాల్సిన పనిలేదు. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినా అంతే, పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి.

అసలు సమస్య బండి రాష్ట్రం దాటినప్పుడు. హైదరాబాద్‌లో కొన్న కారుతో విజయవాడ వెళ్లి స్థిరపడ్డారు, లేదా విశాఖ బండిని హైదరాబాద్ తెచ్చుకున్నారు అనుకుందాం. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి పాత ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ, కొత్త చోట ఫారం 27తో అప్లికేషన్, ఆ రాష్ట్రం ట్యాక్స్. చలాన్లు, పన్ను బకాయిలు ఉంటే ఎన్‌వోసీ రాదు. బెంగళూరు, చెన్నై నుంచి ఇంటికి తిరిగొచ్చిన వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇలాంటివాళ్లకు 60 రోజులు సరిపోవు, మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి.

గడువు దాటాక నడిపితే ఏమవుతుంది?

జరిమానా: చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 ప్రకారం మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా. మళ్లీ దొరికితే రూ.5,000 నుంచి రూ.10,000 వరకు, లేదా ఏడాది వరకు జైలు. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఇన్సూరెన్స్: అసలు దెబ్బ ఇక్కడ. ప్రీమియం కడుతూనే ఉన్నాం కదా, ఏమైనా అయితే కంపెనీ చూసుకుంటుందని అనుకుంటాం. 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూడండి. పంజాబ్‌లో కొన్న కొత్త కారు, టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో చోరీ అయింది. పాలసీ అమల్లోనే ఉంది. అయినా చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా బండి వాడడం పాలసీ షరతుల్ని మౌలికంగా ఉల్లంఘించడమేనని, కంపెనీ క్లెయిమ్ ఇవ్వాల్సిన అవసరం లేదని కోర్టు చెప్పింది. 2014లో ఒక యాక్సిడెంట్ కేసులోనూ ఇలాంటి తీర్పే వచ్చింది.

ఆ రెండూ టెంపరరీ రిజిస్ట్రేషన్ కేసులే. కానీ కోర్టు చూసిన ప్రశ్న ఒక్కటే.. ఆ రోజు బండికి చెల్లే రిజిస్ట్రేషన్ ఉందా, లేదా? 15 ఏళ్ల గడువు దాటిన బండికీ కంపెనీ ఇదే ప్రశ్న వేయగలదు. ఇక ప్రమాదంలో ఎదుటివాళ్లకు ప్రాణం మీదకొస్తే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ భారం ఓనర్ మీద పడితే ఇల్లు, పొలం దాకా వెళ్తుంది. రూ.1,000 ఫీజు దగ్గర బద్ధకించినందుకు ఇంత ముప్పు.

ఆటోలు, టాక్సీలు, లారీల సంగతి వేరు

పైన చెప్పిన 15 ఏళ్ల లెక్క సొంత వాహనాలకే. కిరాయికి తిరిగే ఆటో, టాక్సీ, లారీ, స్కూల్ బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. 8 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఎఫ్‌సీ లేకపోతే ఆ వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే లెక్క. వయసు పెరిగే కొద్దీ ఈ ఫీజు కూడా పెరుగుతుంది కాబట్టి పాత ఆటో, లారీ కొనాలనుకునే వాళ్లు ధర మాట్లాడుకునే ముందే ఎఫ్‌సీ ఖర్చు లెక్కేసుకోండి.

రెన్యువల్ వద్దు అనుకుంటే..

బండి మరీ పాతబడింది, రిపేర్లకే సరిపోతోంది అనుకుంటే రిజిస్టర్ అయిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వడం మేలు. అక్కడ ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. కేంద్రం నిబంధనల ప్రకారం సొంత వాహనాలకు మోటారు వాహన పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలుంది. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో అక్కడే అడగండి.

వీధి చివరి పాత ఇనుము షాపులో తూకానికి వేసేస్తే మాత్రం బండి పోతుంది, రికార్డు మీ పేరు మీదే ఉండిపోతుంది. ఆ నంబర్ ప్లేట్‌నో, ఛాసిస్‌నో ఎవరైనా వేరే పనికి వాడితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. బండి పూర్తిగా పాడైపోతే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని సెక్షన్ 55 చెబుతోంది.

ఈ వరుసలో చేసుకుంటే తిరుగుడు ఉండదు

- గడువుకు 4 నెలల ముందు: ఆర్సీ తీసి తేదీ, పేరు, అడ్రస్, లోన్ ఎంట్రీ చూడండి. పేరు మార్పు, ఎన్‌వోసీ, ఫారం 35 పనులు ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి.
- 2 నెలల ముందు: మొబైల్ నంబర్ సరిచేయించుకుని, చలాన్లు క్లియర్ చేసి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఫారం 25తో అప్లై చేయండి. స్లాట్ తీసుకోండి.
- స్లాట్‌కి వారం ముందు: ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు చూసుకోండి. బ్రేకులు, లైట్లు, టైర్లు, నంబర్ ప్లేట్, ఛాసిస్ నంబర్ సరిచేయించండి.
- స్లాట్ రోజు: ఒరిజినల్స్, జిరాక్స్‌లు, బండి.. మూడూ ఉండాలి.
- రెన్యువల్ అయ్యాక: కొత్త తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. ఐదేళ్ల తర్వాత తేదీని ఫోన్‌లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి.

ఇంట్లో ఒకటి కన్నా ఎక్కువ బండ్లు ఉంటే అన్నిటి ఆర్సీలూ ఒకసారి బయటకు తీయండి. ఊళ్లో నాన్న నడిపే పాత బండి సంగతి ముందు చూడండి. ఆన్‌లైన్ స్లాట్లు, ఓటీపీలు ఆయనకు అలవాటు లేకపోవచ్చు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ కార్డు మీద తేదీ చూసొస్తే చాలు, మిగతా పని ఫోన్‌లోనే మొదలుపెట్టొచ్చు.